మరొకరి కథ

ఆ రోజుల్లో ఇంటింటా కథలు చెప్పే యంత్రం ఉండేది. కథలోని మనిషికి వినేవాళ్ళ పేరే పెట్టి, వాళ్ళకు నచ్చినట్టే చెప్పేది. ఇంకొకరు రాసింది వినే అలవాటు జనంలో పోయింది. కాకినాడలో భానుజ మాత్రం ఇంకా రాస్తూనే ఉంది.

ఆమె కొత్త కథ మధ్యలో ఎక్కడో నడక కుంటుతోంది. యంత్రానికిస్తే క్షణంలో నున్నగా దిద్ది పెట్టింది. చదువుకుంటే అది తన కథలా అనిపించలేదు. మనిషి వింటేగాని తప్పెక్కడుందో తెలియదనుకుని, కాగితాలు పట్టుకుని ఎదురు ఫ్లాటులో ఉండే నూకరత్నం దగ్గరికి వెళ్ళింది.

నూకరత్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది. రెండో పేజీలో ఆవులించింది. భానుజ అక్కడ రెండు వాక్యాలు కొట్టేసి, పొడుగాటి వాక్యాన్ని విరిచి మళ్ళీ చదివింది. ఈసారి నూకరత్నం చేతులు ఆగాయి.

"ఇందులో నేనెప్పుడొస్తానండీ?" అంది.

"మీరు రారండీ. ఇది రేవులో టీ అమ్ముకునే ఒకావిడ కథ."

"ఎవరో ఒకావిడ గోల మనకెందుకండీ?"

ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఇన్నేళ్ళుగా ఎవరికోసం దిద్దుకుంటున్నానా అనిపించి, భానుజ కాగితాలు మడిచి లేచింది. చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి నూకరత్నం గొంతు వినిపించింది.

"మరి ఆవిడకి ఎవరూ లేరేంటండీ?"

"లేరండీ," అంది భానుజ.

నూకరత్నం చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది.

"కూచోండి. ఆపిన దగ్గర్నించి చదవండి."