ముగ్గురికైతే?

చౌడేశ్వరమ్మ రేషను నూకలు చెరుగుతోంది. నూలు కోసం బెజవాడ వెళ్ళిన మొగుడు వట్టి చేతులతో తిరిగొచ్చాడు, మగ్గం ఆగిపోయింది. పక్కనే, భర్త పోయి పుట్టింటికి చేరిన ఆడపడుచు శివపార్వతి మేనకోడలికి చింతగింజలతో ఎక్కం నేర్పుతోంది.

"నాలుగు మూళ్ళెంతే, బుల్లీ?"

"పన్నెండు!"

"ఆ పన్నెండూ ఇంట్లో మన నలుగురికీ పంచు."

"తలా మూడు, అత్తయ్యా."

"అదే ముగ్గురికైతే?"

పిల్ల గింజలు మళ్ళీ పంచింది. "తలా నాలుగు! మరి మనలో ఎవర్ని తీసేద్దాం?"

చౌడేశ్వరమ్మ చేతిలో చేట ఆగిపోయింది. 'మీ అక్క లేకపోతే పిల్లకి ఇంకో ముద్ద పడేది' అని నిన్న తాను మొగుడి దగ్గర ఏడ్చిన మాట ఈవిడ చెవిన పడింది!

"వదినా, అది కాదు..." అంది.

శివపార్వతి పిల్ల తల నిమిరి, దండెం మీది తన చీర మూటగట్టుకుని, గడప దాటింది.