దగ్గరికొచ్చే మాట

గోదావరి వరద బురదలో నాగక్క కాలికి దిగిన ముల్లు పుండైంది. మొన్న వచ్చిన డాక్టరు వాకిట్లోంచే చూసి, మాత్రలిచ్చి వెళ్లిపోయాడు.

"మళ్లొకసారి రమ్మని ఇంగ్లీషుల రాయి బిడ్డా. లేకుంటే కాలు పోతది," అంది నాగక్క, గుడిసెలో నులకమంచం మీది నుంచి.

కాన్వెంటు నుంచి వచ్చేశాక నా ఇంగ్లీషు ఒకరికి అవసరం కావడం అదే మొదలు. సంబరంగా డిక్షనరీ తెచ్చుకుని ఉత్తరం మొదలుపెట్టాను. పుండు వాసన గురించి రాయాల్సిన చోట ఆగిపోయాను.

"పెద్దమ్మా, కంపుకు ఇంగ్లీషుల చానా మాటలున్నయి. ఓడర్ అంటే మర్యాదగ చెప్పుడు. స్టింక్ అంటే మొరటు. రీక్ అంటే ఒంటికి పట్టి వదలనిది. స్టెంచ్ అంటే పీనుగు కుళ్లినట్టు."

"తెల్లోళ్లకు గన్ని ముక్కులేందే!" నాగక్క నవ్వింది. "ఏది రాస్తే దగ్గరికొచ్చి కాలు పట్టుకొని చూస్తడో, గది రాయి."

పేజీలు తిప్పాను. అలాంటి మాట దొరకలేదు.

"ఎండల ఎంతసేపు కూసుంటవ్ బిడ్డా? లోపల్కి రారాదు."

ముక్కుకు అడ్డం పెట్టుకున్న ఓణీ కొంగు తీసేశాను. గడప దాటడానికి మాత్రం కాళ్లు లేవలేదు.