కుండలో కొత్తిమీర

"చాల్లే, ఇంక పొయ్యకు. నీళ్లెక్కువైతే గింజ కుళ్లిపోద్ది," అంది అప్పాయమ్మ.

లోవలక్ష్మి చెంబు పక్కన పెట్టి, మూతి పగిలిన కుండ మీదికి ఒంగింది. కుండనిండా కాలవగట్టు నుంచి తెచ్చిన ఒండ్రుమట్టి. ధనియాలు చల్లి పన్నెండు రోజులైంది. మట్టి మట్టిలాగే ఉంది.

"ఈసారి కూడా లేదత్తా."

"ఉప్పుగాలి కదా. ఆలస్యమవుద్ది."

ఇలా చల్లడం ఇది మూడోసారి. మొదటిసారి పెరటి నేల చవుడని సరిపెట్టుకున్నారు. రెండోసారి కోళ్లు కెలికాయనుకుని, ఈసారి కుండలో వేసి పైన చిరిగిన వల కప్పారు. ఒండ్రు ఉంది, మంచినీళ్లున్నాయి, వల ఉంది. మొలక మాత్రం లేదు. కొత్తిమీర మొలవకపోతే కొంపేమన్నా మునిగిపోతుందా అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. లోవలక్ష్మి ప్రాణమంతా ఆ కుండలోనే ఉంది.

ఆమె మొగుడు గంగయ్యకి చేపల పులుసు దించేముందు గుప్పెడు కొత్తిమీర పడకపోతే ముద్ద దిగదు. సముద్రం మీదికి వెళ్లే ముందురోజు నరసాపురం నుంచి ఒక కట్టా, చల్లడానికి ధనియాలూ తెచ్చాడు. "కట్ట జాగ్రత్తగా దాచు. ధనియాలు చల్లు. మొలకొచ్చేసరికి నేనొచ్చేస్తాను," అని పెళ్లానికి చెప్పి గడప దాటాడు. మూడోరోజున తుఫాను పట్టుకుంది. అయిదోరోజున మొగల్తూరు దగ్గర ఒడ్డుకి పడవ చెక్కలు కొట్టుకొచ్చాయి. పడవలో వెళ్లింది నలుగురు. ముగ్గురు శవాలై దొరికారు. గంగయ్య దొరకలేదు.

దొరకలేదంటే పోలేదనే లోవలక్ష్మి నమ్మకం. కట్ట వేళ్లకి తడిగుడ్డ చుట్టి నీళ్లకుండ పక్కన పెట్టింది. రోజూ గుడ్డ మార్చింది, పసుపెక్కిన ఆకు ఏరేసింది. పదోరోజుకి కాడలు మెత్తబడిపోతుంటే, మిగిలిన ఆకుని నీడన ఎండబెట్టి డబ్బాలో పోసింది. ఎండాక దానికి వాసన లేదు. అయినా రోజుకోసారి మూత తీసి చూసుకుంటుంది.

మరో పది రోజులకి కులపెద్ద చిట్టియ్య వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ మూడిళ్లల్లోనూ దినాలు అయిపోయాయి వదినా. శవం లేకపోయినా మనం చెయ్యాల్సింది చెయ్యాలి. అమ్మాయికి గాజులు తీయించెయ్యండి. లేకపోతే వాడు నీళ్లమీదే తిరుగుతా ఉంటాడు."

తలుపు వెనక లోవలక్ష్మి చేతులు రెండూ పైట కింద దాచేసుకుంది.

అప్పాయమ్మ కళ్లనీళ్లు పెట్టుకోలేదు. "వాడు మాట చెప్పెళ్లాడయ్యా. మొలకొచ్చేసరికి వస్తానన్నాడు. ధనియాలింకా డబ్బాలోనే ఉన్నాయి, ఇయ్యాళ చల్లుతాను. మొలకొచ్చిన రోజుకి కూడా వాడు రాకపోతే, నా చేత్తోనే గాజులు తీస్తాను. అప్పటిదాకా దాని చెయ్యి ఎవరూ ముట్టుకోడానికి లేదు."

వేటకెళ్లేవాడు గడప దాటుతూ అన్నమాటని ఆ పేటలో ఎవరూ కాదనరు. చిట్టియ్య కూడా కాదనలేకపోయాడు.

"సరే వదినా. మొలకొచ్చేదాకానే," అన్నాడు.

ఆ రోజు నుంచి ధనియాల డబ్బాని అప్పాయమ్మ కోడలి చేతికివ్వలేదు. "నా చెయ్యి మంచిది. నేను వేస్తే రాయి మీదైనా లేస్తుంది," అనేది. తనే గింజలు తీసుకుని వంటింట్లోకి వెళ్లేది, తనే ఇటుకతో నలిపి బద్దలు చేసేది, తనే చల్లేది. ఆ పనిలో పనిగా మూకుడు పెట్టి ధనియాలు వేయించి, రోట్లో వేసి పులుసుపొడి కొట్టేది. ఆ ఇంట్లో పులుసు కాచి ఎన్నాళ్లయిందో.

"ఎందుకత్తా ఇప్పుడు?" అని కోడలు అడిగితే, "వాడొచ్చాక అప్పటికప్పుడు ఎక్కడ కొడతానే?" అనేది.

లోవలక్ష్మికి ఆ రోటి చప్పుడే ధైర్యం. కన్నతల్లి ఇంకా పులుసుపొడి కొడుతోందంటే, కొడుకొస్తాడని ఆ కడుపుకి తెలిసినట్టే కదా.

ఇవాళ ఆ ధైర్యం కూడా జారిపోయింది.

"అత్తా, మొలవట్లేదంటే ఆయన రాడనేగా?"

"మొలవలేదంటే వాడికింకా టైముందని. వెళ్లి ఆ గంజన్నా తాగు," అని అప్పాయమ్మ లోపలికెళ్లి రోకలి అందుకుంది.

లోవలక్ష్మి కదల్లేదు. తెల్లటి వేరు మొన ఒక్కటి కనపడినా చాలనుకుంది. వల తొలగించి, వేలితో మట్టి కదిపింది. ఒక ధనియం బద్ద దొరికింది. వేరు లేదు, ఉబ్బు లేదు. చల్లినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పైటకొంగుతో తుడిచి, నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. చాలాసేపు నమిలింది.

తరవాత గుంట పూడ్చి, అరచేత్తో మట్టి సర్ది, వల మళ్లీ కప్పింది. వల అంచులు బిగిస్తుంటే గాజులు చప్పుడయ్యాయి.

"ఏంటమ్మాయ్, మొలకేమైనా కనపడిందా?" దడి అవతల నుంచి చిట్టియ్య అడిగాడు.

లోపల రోటి చప్పుడు ఆగిపోయింది. లోవలక్ష్మి తలెత్తి చూసింది. గుమ్మంలో అప్పాయమ్మ రోకలి పట్టుకుని నిలబడి ఉంది. కోడలి కళ్లలోకి చూడలేక తల దించుకుంది.

"లేదు మావయ్యా, మళ్లీ చల్లాలి," అంది లోవలక్ష్మి. చేతి మట్టి దులుపుకుని, "అత్తే చల్లుతుంది. ఆవిడ చెయ్యి మంచిది," అంది.

చిట్టియ్య నిట్టూర్చి వెళ్లిపోయాడు.

అది వేయించిన గింజ.