జీపులో ఆఖరి సీటు

మాస్టారి తల స్టీరింగు మీదికి వాలిపోయింది. వెనక కూర్చున్న ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

విప్పకూడదు. అదే పరీక్ష. ఆఫ్రికా అడవుల్లో సింహాల ఫోటోలు తీయడానికి, ఫోటోగ్రఫీ నేర్పే ఈ మాస్టారు పంపిస్తున్న జట్టులో ఇక ఒక్క సీటే మిగిలింది. దానికి పోటీ పడుతున్నది ఆమె, ఆమె బావ. ఆమె స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది. అక్క మొగుడు పెళ్ళిళ్ళకు తీస్తాడు.

పైకప్పు పీకేసిన పాత జీపును మాస్టారు తన పెరట్లో నిలబెట్టాడు. ఎదురుగా ఇసుక కుప్ప మీద పిల్లలకు పాలిస్తున్న వీధి కుక్కను చూపించి, ఇవాళ్టికి అదే ఆడసింహం అనుకోమన్నాడు. అది లేచి వెళ్ళేదాకా ఇద్దరూ కూర్చోవాలి. ముందు ఎవరు సీట్లోంచి కదిలినా, నోరు విప్పినా వాళ్ళు ఆశ వదులుకోవలసిందే. రెండోవాళ్ళు విమానం ఎక్కుతారు. మధ్యలో పిడుగు పడ్డా సరే అని మరీ మరీ చెప్పాడు.

చెప్పి ఊరుకునే మనిషి కాదు, పిడుగు కూడా ఆయనే వేస్తాడు. క్రితం పరీక్షలో ఆయన తేలు కుట్టినట్టు గిలగిల్లాడిపోతే, పాపం ఒక బ్యాంకు ఉద్యోగి "అయ్యో మాస్టారూ" అన్నాడు. ఆయన తాపీగా లేచి చొక్కా దులుపుకుని, ఇంటికెళ్ళి సింహాలను టీవీలో చూసుకో నాయనా అని పంపించేశాడు.

అందుకే ఇప్పుడు బావ వచ్చే నవ్వును పళ్ళ బిగువున ఆపుకుంటున్నాడు. ఆమె వైపు ఓరగా చూసి, ముసలాయన భలే నటిస్తున్నాడన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

ఆమె కూడా మొదట అలాగే అనుకుంది. కెమెరా కంటికి ఆనించుకుని కుక్కనే చూస్తూ కూర్చుంది. ఈ సీటు పోతే మళ్ళీ ఆ చిన్న గదే, ఆ తెల్ల తెరే, ఆ స్టూలే. గడ్డం పైకెత్తండి, నవ్వకండి. చెప్పిన మాట వినని ప్రాణిని ఒక్కదాన్నయినా ఫోటో తీయాలని ఆమె ఎన్నాళ్ళనుంచో కలలు కంటోంది.

కానీ చూపు కుక్క మీద నిలవడం లేదు. మాస్టారి మెడ వెనక చెమట ధారలు కడుతోంది. చెమటను ఎవరైనా నటించగలరా? ఎండగా ఉంది, పట్టి ఉండొచ్చు అని సర్ది చెప్పుకుంది. ఆయన ఎడమ చెయ్యి సీటు పక్కన తోటకూర కాడలా వేలాడుతోంది. నటనే అయి ఉండొచ్చు. వీపు మాత్రం ఊపిరికి కదులుతోందో లేదో తెలియడం లేదు. నోరు తెరిస్తే సీటు పోతుంది. తెరవకపోతే?

అంతలో మాస్టారి ఒళ్ళోంచి కెమెరా జారి కింద పడింది. లెన్సు భళ్ళున పగిలింది. ఆయన దాన్ని తీయలేదు. కనీసం ఉలిక్కిపడలేదు.

కన్నబిడ్డలా చూసుకునే కెమెరాను నాటకం కోసం పగలగొట్టుకునే మనిషి ఉంటాడా?

"మాస్టారూ" అని కేక పెట్టి ఆమె ముందు సీటులోకి దూకింది. కుక్క ఒక పిల్లను నోట కరుచుకుని గోడ సందులోకి పరుగు తీసింది.

"పోయింది నీ సీటు" అన్నాడు బావ, చేతులు రుద్దుకుంటూ. తర్వాత ఆమె ఎత్తి పట్టుకున్న మాస్టారి ముఖం చూశాడు. ముఖం బూడిద రంగులో ఉంది. గబగబా స్టీరింగు దగ్గరకు వచ్చాడు.

ఇద్దరూ కలిసి ఆయన్ని అదే జీపులో ఆసుపత్రికి చేర్చారు. దారిలో మాత్రం బావ ఉండబట్టలేక, తొందరపడ్డావు మరదలా, ఇంకాసేపు ఓపిక పడితే నేనే అరిచేవాణ్ణేమో అన్నాడు. ఆమె మాస్టారి తల ఒళ్ళో పెట్టుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూ కూర్చుంది.

గుండెపోటు అన్నారు డాక్టర్లు. ఇంకొంచెం ఆలస్యమైతే చేయగలిగిందేమీ ఉండేది కాదన్నారు. పొద్దు వాలుతుండగా, గండం గడిచిందని చెప్పి, గట్టిగా మాట్లాడవద్దన్న షరతు మీద లోపలికి వదిలారు.

మాస్టారి భార్య మంచం పక్కన కూర్చుని ఆయన పాదాలు ఒత్తుతోంది. వీళ్ళను చూడగానే కళ్ళు తుడుచుకుని, ముందు గమనించిందెవరు నాయనా అని అడిగింది.

"వాళ్ళ రుణం మేం తీర్చుకోలేం. ఆయన కోలుకున్నాక వాళ్ళు ఏం అడిగినా కాదనరు."

ఆ మాటతో బావ ముఖంలో రంగు మారడం ఆమె చూసింది. గెలిచిన సీటు చేజారిపోతుందేమోనని భయం పట్టుకుంది అతనికి. ఆమె పెదవి కదిపేలోపే ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేనేనమ్మా. ఈ అమ్మాయి ఇంకా నాటకమనుకుంటూనే కూర్చుంది. నాకెందుకో మనసు ఊరుకోలేదు, గట్టిగా కేక పెట్టాను."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాటను, మంచం మీద ఆయన పాలిపోయిన ముఖం చూసి, మింగేసింది. చావు తప్పించుకు వచ్చిన మనిషి ముందు సీటు కోసం తగువులాడటం ఏం బాగుంటుంది? పోనీలే, ఆ సీటు అతనే అనుభవించనీ అనుకుంది.

మాస్టారి కనురెప్పలు కదిలాయి. మెల్లగా బావ వైపు తల తిప్పాడు.

"నువ్వేనా ముందు నోరు విప్పింది?"

"నేనే మాస్టారూ. మీ ప్రాణం కన్నా నాకు సీటు ఎక్కువా?"

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావ చెయ్యి పట్టుకుని, నీ మేలు ఈ జన్మలో మరిచిపోను నాయనా అన్నాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"అమ్మాయీ, ఇక ప్రయాణానికి సర్దుకో. సీటు నీది."