జాకెట్ ఫిట్టింగ్

రైడింగ్ జాకెట్ కుడి చేయి చంక నుంచి మణికట్టు దాకా విచ్చుకుంది. బట్ట చిరగలేదు. కుట్టు విడిపోయింది.

ఆస్పత్రి వరండాలో తాహెర్ దాన్ని బెంచీ మీద, వదిన హాజిరా ముందు పరిచాడు.

లోపల వార్డులో ఆమె భర్త ఫైజాన్ ఉన్నాడు. కుడి చేతిని మోచేతి కింద నిన్న తీసేశారు.

ఫైజాన్ మెదక్ నుంచి చుట్టుపక్కల మండలాలకు బండి మీద పార్సిళ్లు వేస్తాడు. కుల్చారం దాటాక రోడ్డు మీద ఆరబోసిన వడ్లపై బండి జారింది. తారు మీద ఈడ్చుకుపోయాడు.

తాహెర్ జాకెట్ లోపలి లేబుల్ చూపించాడు. బండి మీంచి పడితే ఒంటిని ఎంత కాపాడుతుందో చెప్పే డబుల్ ఏ రేటింగ్. అది ఇచ్చేముందు బట్టతో పాటు కుట్టును కూడా లాగి పరీక్షిస్తారని షాపతను ఫోన్‌లో చెప్పాడట.

"కుట్టు ఇడిసిందంటే తప్పు కంపెనీదే భాభీ. నేను ఊకోను. కేసు ఏస్త."

హాజిరా జాకెట్‌ను ఒళ్లోకి తీసుకుంది.

ఆమె ఇంట్లో మిషన్ కుడుతుంది. కొత్త బట్ట ఏది కొన్నా ఒంటికి సరిచేయకుండా ఫైజాన్‌ను తొడగనివ్వదు.

జాకెట్ కొన్న రోజు, బస్తాల దూరినట్టున్నవని నవ్వింది. చేతులకున్న మూడు వరసల కుట్టు విప్పి, లోపలికి పట్టి, ఒక వరస వేసింది. ఆడవాళ్ల జాకెట్లు కుట్టే మామూలు నల్లదారం.

మర్నాడు పార్సిల్ ఆఫీసులో అందరూ ఫైజాన్‌ను హీరో అన్నారు. తోటి రైడర్ అభిలాష్ తన జాకెట్ కూడా తెచ్చిచ్చాడు. దాన్నీ అలాగే కుట్టింది.

"గిది కంపెనీ కుట్టు కాదు," అంది హాజిరా. "నాది."

తాహెర్ వార్డు తలుపు వైపు చూశాడు.

"నీ కుట్టే ఇడిసిందని అన్నకు ఎరుకేనా?"

"ఇంకా చెప్పలే."

అతను జాకెట్ మడిచి సంచిలో పెట్టాడు. వార్డులోకి వెళ్లలేదు.

హాజిరా అభిలాష్‌కు ఫోన్ చేసింది. వెంటనే ఎత్తాడు. గాలి హోరు. ఎల్దుర్తి పోతున్నానని, అన్నకు ఎట్లుందని అడిగాడు.

జాకెట్ వేసుకున్నావా అని అడిగింది.

"ఏసుకున్న భాభీ. నీ ఫిట్టింగ్ మస్తుంది."

"బండి పక్కకు ఆపు తమ్మీ."

"హెల్మెట్ల బ్లూటూత్ ఉంది. నడుపుకుంట ఇంట, చెప్పు."

"ఆపు," అంది హాజిరా. "మెల్లగ ఆపు."