నాయుడుగారి వరం

గాంధీగారి శతజయంతి నాడు నరసింగరావు నాయుడుకి ఉన్నట్టుండి దయ పుట్టుకొచ్చింది.

ఆయన ఇంటి ముందు ఊరవతలి పేట జనం సైకిలు దిగి నడిపించుకుపోవాలన్నది ఊరి కట్టుబాటు. సైకిలు కొన్న ఈ మూడేళ్లలో పోలయ్య ఒక్క పూటా ఆ కట్టుబాటు తప్పలేదు. అందుకే నాయుడు అతన్ని అరుగు ముందు నిలబెట్టి, జయంతి సభకొచ్చిన అందరూ వినేలా అన్నాడు.

“ఒరే పోలయ్యా! నీ మరియాదకి మెచ్చినాను. ఇయాల్టి నుంచి నువ్వు నా గుమ్మం ముందు సైకిలెక్కే ఎల్లు. ఎక్కు!”

జనం చప్పట్లు కొట్టారు. నాయుడు మెడలో దండ సర్దుకున్నాడు.

పోలయ్య హ్యాండిలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

“ఏటిరా, ఎక్కవేటి?”

“తొక్కడం రాదు బాబూ.”

“మూడేళ్లయినాది కదరా కొని!”

“నేర్సుకుందామనే సూస్తన్నాను. మీ గుమ్మం దాటితే కరణంగారి గుమ్మం. అది దాటితే సీపురుపల్లి దాకా అన్నీ తమరి సుట్టాల ఊళ్లే. ఇంక ఎక్కేదెక్కడ?”