కలవని ఖాళీ గంట

“వారమంతా వెతికినా మా ఇద్దరికీ ఒక్క ఖాళీ గంటా కలవలేదేంటయ్యా? నీ సాఫ్ట్‌వేర్‌కి పెళ్లి కాలేదా?” అంటూ లెక్కల లెక్చరరు టైంటేబుల్ వేసే క్లర్కు మీద పడ్డాడు.

క్లర్కు ఇబ్బందిగా ఆయన భార్య వైపు చూశాడు. ఆమె అదే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది.

“అతన్నేం అనకండి. కలవకుండా వెయ్యమని నేనే అడిగాను” అందామె.

“ఎందుకే?”

“స్టాఫ్‌రూంలో నలుగురి ముందూ మీరు నా మీద వేసే జోకులకి నవ్వలేక చస్తున్నాను. ఇంట్లో ఎలాగూ తప్పదు. దణ్ణం పెడతాను, ఇక్కడైనా ఒక్క గంట నన్ను మనిషిలా కూర్చోనివ్వండి.”

ఆయన పకపకా నవ్వుతూ క్లర్కు భుజం తట్టాడు. “చూశావా, మా ఆవిడకి జోకు కూడా అర్థం కాదు!”

క్లర్కు నవ్వలేదు. “ఇలాగే ప్రింటు తీసెయ్యనా, మేడం?” అని ఆమెనే అడిగాడు.

గదిలో తన నవ్వొక్కటే వినబడేసరికి ఆయన మధ్యలోనే ఆగిపోయాడు.